భారత పథికుని ఆత్మాన్వేషణము

పశ్చిమ వంగమందలి ఖరగ్‌పూర్ రైలుదారి వలన పుట్టిన పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇచ్చట కూడలిని, దానివెంట కర్మాగారమును నిర్మింపగా, పనికై దేశపు నలుమూలల నుండియు జనులు వచ్చి చేరిరి. వారిలో శ్రీకాకుళ, విశాఖపట్టణ ప్రాంతముల తెలుగువారు అనేకులు. 1927లో ఇచ్చటి రైల్వే కార్మికులు సమ్మె కట్టినప్పుడు వారికి నాయకత్వము వహించినవాడు బరంపురమున జన్మించిన తెలుగువాడు వి. వి. గిరి. ఈ పట్టణములోని పేటలలో ఒకదాని పేరు సుభాష్‌పల్లి. ‘పల్లి’ అను మాట వంగభాషలో గ్రామమునకును, పట్టణములోని పేటకును కూడ చెల్లును. ఆ మాటకు తెలుగువానికి అర్థము చెప్పనక్కరలేదు.

ఒక మహాపురుషుని పేరు పేటకు పెట్టిన పిమ్మట ఆ పేరు క్రమముగా చిరునామాలోని మాటయై పోవును. దాని వెనుకనున్న మనుష్యుడు మరుగున పడును. సుభాష్ చంద్ర బోసు విషయమున ఇది మరింత నిజము. ఆయన పేరు వినగానే మనస్సున నిలుచునది సైనిక వేషము, ఆజాద్ హింద్ ఫౌజు. ఖరగ్‌పూర్ అంచునగల హిజ్లీ కూడ ఆయన రాజకీయ జీవితమునే జ్ఞప్తికి తెచ్చును. 1931 సెప్టెంబరు 16న హిజ్లీ నిర్బంధ శిబిరములోని నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరిగి సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అనువారు మరణింపగా, వారి దేహములను గొనిపోవుటకు సుభాష్ చంద్రుడు హిజ్లీకి వచ్చెను. 1951లో ఖరగ్‌పూరు సాంకేతిక విద్యాసంస్థ తొలుత వెలసినది ఆ శిబిర భవనముననే. అయితే ఈ నాయకుడే తన నలువదవ యేట బాల్య యౌవనములను గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసెను. అందలి ముఖ్య విషయము రాజకీయము కాదు. ఒక బాలుడు తన్ను తాను తెలిసికొనుటకు పడిన పాటు. ఆ పుస్తకపు భాషను, భావమును కలిపి పరిశీలించినచో పేటకు పేరైన వ్యక్తి ఎట్టివాడో కొంత తెలియును.

1937 మార్చిలో ప్రభుత్వ నిర్బంధము నుండి విడుదలయైన సుభాష్ చంద్రుడు ఆ సంవత్సరాంతమున ఐరోపాకు వెళ్ళి, ఆస్ట్రియా పర్వతప్రాంతమందలి బాడ్‌గాస్టైన్ అను ఆరోగ్యస్థలమున కొంతకాలము గడపెను. 1938 ఫిబ్రవరిలో హరిపురా కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించెను. ఈ రెంటి నడుమ లభించిన విరామమున, డిసెంబరు నెలలో, పది దినములలో పది అధ్యాయములు ఆంగ్లమున వ్రాసెను. తొలి తొమ్మిది అధ్యాయములలోని కథ 1897 జనవరి 23న కటకమున జరిగిన జననము మొదలు ఇండియన్ సివిల్ సర్వీసును విడిచిపెట్టుట వరకు నడచును. పదవ అధ్యాయము తాత్త్విక విశ్వాసమును గూర్చినది. తరువాతి జీవితకథయు, రాజకీయార్థిక విశ్వాసములను గూర్చి తలపెట్టిన అధ్యాయములును ప్రణాళికలోనే నిలిచిపోయెను. గ్రంథము 1948లో కలకత్తాలో ‘ఆన్ ఇండియన్ పిల్‌గ్రిమ్’ అను పేర అచ్చయ్యెను. వంగభాషలో దానికి ‘భారత్ పథిక్’ అని పేరు.

ఈ రెండు పేర్లకు నడుమ ఒక సూక్ష్మభేదము కలదు. ఆంగ్లపదమునకు తీర్థయాత్రికుడని అర్థము. వంగపదమునకు బాటసారియని అర్థము. రవీంద్రనాథ ఠాకూరు రామమోహన రాయలను భారతపథికుడని కీర్తించియుండుటచే ఆ మాటకు వంగసాహిత్యమున ఒక గౌరవము ఏర్పడినది. తీర్థయాత్రికునకు గమ్యము ముందే తెలియును. కాశి కావచ్చును, పురుషోత్తమ క్షేత్రము కావచ్చును. చేరవలసిన గుడి, మునుగవలసిన రేవు నిశ్చితములై యుండును. బాటసారికి దారి మాత్రమే నిశ్చితము. సుభాష్ చంద్రుని కథ తీర్థయాత్రగా మొదలై పథికుని ప్రయాణముగా మారిన కథ. ఆ మార్పు ఎచ్చట, ఎందుచేత జరిగినదో గుర్తించుటయే ఈ గ్రంథమును సరిగా చదువుట.

ఆధ్యాత్మికమైన ఆత్మకథలకు మన దేశమున ఒక పరంపర కలదు. మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు ఆత్మజీవని (1898) అందులో సుప్రసిద్ధము. పితామహి అవసానకాలమున గంగాతీరమందు ఒక రాత్రి హేతువు తెలియని ఆనందము కలుగుట, గాలికి ఎగిరివచ్చిన ఒక కాగితమున ఈశోపనిషత్తు శ్లోకము కనబడుట మున్నగు ఘట్టములు ఆ కథకు ప్రాణములు. అనుభూతి కలిగిన క్షణమును భక్తితో స్మరించుట ఆ భాష పని. గాంధీమహాత్ముడు 1925 మొదలుకొని గుజరాతీలో వారము వారము ప్రకటించిన ఆత్మకథ సత్యముతో చేసిన ప్రయోగముల చరిత్ర. వ్రతము, తప్పిదము, ఒప్పుకోలు అందలి మెట్లు. తెలుగున వీరేశలింగముగారి స్వీయచరిత్రమున ఆత్మవిచారము సంఘసంస్కారపు పనులలోనే కలిసిపోయి కనబడును. ఆదిభట్ల నారాయణదాసుగారు తమ కథకు ‘నా యెరుక’ అని పేరిడిరి. తెలివి, గుర్తు, పరిచయము అను మూడర్థములును ఆ ఒక్క మాటలో ఇమిడియున్నవి.

సుభాష్ చంద్రుని పుస్తకము ఈ వరుసలోనిదే యైనను దాని భాష వేరు. అది భక్తుని భాష కాదు. పశ్చాత్తప్తుని భాషయు కాదు. దానిని పరీక్షకుని భాష యనవచ్చును. ఒక నమ్మకము తనకు ఎవరి వలన వచ్చెను, అది తనచేత ఏమి చేయించెను, ఆచరణమున నిలిచెనా, విరిగెనా అని ఆయన వరుసగా ప్రశ్నించును. ధ్యానమున కలిగిన అనుభూతిని వర్ణించుటకు ఆయనకు ఆసక్తి లేదు. ఆ ధ్యానము చేసిన బాలుడు మరునాడు ఎట్లు నడచుకొనెను అనుటయే ఆయనకు కావలసినది. ఆధ్యాత్మిక సాధనను ఇంత పొడి మాటలతో చెప్పిన గ్రంథము అరుదు. ఆ పొడిదనమును శైలిలోని లోపముగా కొందరు భావింపవచ్చును. నిజమునకు గ్రంథార్థము అందులోనే కలదు.

ఆయనకు ఈ భాష ఎట్లు అలవడెనో గ్రంథమే చెప్పుచున్నది. 1902 జనవరిలో అయిదేండ్ల బాలుని తల్లిదండ్రులు కటకములోని ప్రొటెస్టెంట్ యూరోపియన్ స్కూలులో చేర్చిరి. అచ్చట ఏడు సంవత్సరములు చదివెను. బైబిలు నేర్పిరి, లాటిను నేర్పిరి. భారతీయభాష ఒక్కటియు నేర్పలేదు. 1909లో రావెన్షా కాలేజియేట్ స్కూలున చేరినప్పుడు వంగభాషలో వ్యాసము వ్రాయవలసివచ్చెను. ఆవు వంటి సామాన్య విషయమును గూర్చిన ఆ వ్యాసమున వర్ణక్రమము, వ్యాకరణము రెండును తప్పెను. ఉపాధ్యాయుడు దానిని తరగతిలో చదివి వినిపింపగా తోడి బాలురందరు నవ్విరి. ఆ అవమానమును మనస్సున ఉంచుకొని పట్టుదలతో చదివి, సంవత్సరాంత పరీక్షలో ఆ భాషలోనే అందరికంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొనెను. 1920లో లండనున జరిగిన సివిల్ సర్వీసు పరీక్షలో ఆంగ్ల వ్యాసరచనయందు మొదటివాడుగా నిలిచినవాడును ఈ బాలుడే.

ఇంట తెలుగు, వీధిలో హిందీయో వంగభాషయో, బడిలో ఆంగ్లము అను స్థితిలో పెరిగిన ఖరగ్‌పూరు తెలుగు కుటుంబములకు ఈ ఘట్టము వింతగా తోచదు. తల్లిభాష తనంతట వచ్చునదని మనము అనుకొందుము. దానిని కూడ సిగ్గుపడి, కష్టపడి సంపాదించుకొనవలసిన పరిస్థితి కలదని వారు ఎరుగుదురు. ఆత్మాన్వేషణకును దీనికిని సంబంధము కలదు. తన మాటలు తనకే పరాయివిగా ఉన్నవాడు ప్రతి మాటను తూచి వాడుటకు అలవాటు పడును. ఈశ్వరుడు, మాయ, ముక్తి అను మాటలు కూడ సుభాష్ చంద్రునకు తాతముత్తాతల సొత్తువలె అప్పనముగా దొరకలేదు. చదువుకొని, శంకించి, ఆచరించి సంపాదించుకొన్నవి.

ఈ మాట పూర్తిగా బోధపడుటకు గ్రంథమును ఆయన బాల్యలేఖలతో పోల్చి చూడవలెను. 1912-13 సంవత్సరములలో, పదునైదు పదునారేండ్ల ప్రాయమున, ఆయన తల్లి ప్రభావతీదేవికి వంగభాషలో వ్రాసిన లేఖలు కొన్ని నిలిచియున్నవి. అవి ఆవేశపూరితములు. భారతదేశము భగవంతునకు ప్రీతిపాత్రమైన భూమి. అవతారములకును, పుణ్యనదులకును నెలవు అని ఆ బాలుడు పొంగిపోవుచు వ్రాయును. ఒక లేఖలో గంగను కీర్తించి, దక్షిణాపథమునకు వచ్చి, ఒడ్డులొరసి సముద్రమునకు పోవు గోదావరిని తలచుకొనును. గోదావరి యనగానే పంచవటి, సీతారామలక్ష్మణుల వనవాసము ఆయన కన్నులయెదుట నిలుచును. తెలుగునేలను చూడని బాలునకు గోదావరి నీటిరూపమున గాక రామాయణ రూపమున తెలియుట గమనింపదగినది. ఆ లేఖల వాక్యములు సంబోధనలతో, ప్రశ్నలతో, నిట్టూర్పులతో నిండియుండును. నలువదవ యేట వ్రాసిన ఆంగ్లగ్రంథమున సంబోధన లేదు, నిట్టూర్పు లేదు. ఉత్తమపురుషయందే వ్రాసికొన్నను, ఆ బాలుని మరియొకని చూచినట్లు చూచి, నీకు ఇట్లు తోచుటకు కారణమేమని ప్రశ్నించుచున్నట్లుండును.

భాషామార్పిడి మాత్రమే ఇందుకు కారణమని చెప్పరాదు. ఐరోపాలో నివసించిన కాలమున మానసిక శాస్త్రము ఆయన ఆలోచనపై తన ముద్ర వేసెను. అంతర్ముఖుడు, అంతఃసంఘర్షణ, అవ్యక్తచిత్తము వంటి భావములు గ్రంథమంతటను వచ్చును. విద్యార్థి దశలో తన మనస్సుపై దీపము వేసి చూచుకొనుటకు అలవాటు పడితినని చెప్పి, స్వప్నముల విషయమును ఉదాహరించును. పాములు కలలోనికి వచ్చి భయపెట్టుచుండగా, నిద్రకు ముందు తాను విషసర్పములు నిండిన గదిలో మూయబడియున్నట్లు భావించుకొని, భయము లేదని తనకు తాను చెప్పుకొనెడివాడట. కొంతకాలమునకు ఆ కలలు పోయినవి. ఒక సాధకుడు దీనిని మంత్రప్రభావమని చెప్పియుండును. సుభాష్ చంద్రుడు దానిని ఒక ప్రయోగముగా, ఫలితముతో కూడ చెప్పి ముందునకు సాగును.

ఇక భావమును చూతము. కథ అల్పత్వభావముతో మొదలగును. పదునలుగురు సంతానములో తొమ్మిదవవాడు. తండ్రి జానకీనాథ బోసు కటకమున పేరుపొందిన న్యాయవాది. తల్లి యన్నను తండ్రియన్నను బాలునకు భయభక్తులు. పెద్ద కుటుంబమున తాను లెక్కకు రానివాడనను తలంపు ఆ బాలుని వెన్నాడెను. రావెన్షా బడిలో ప్రధానోపాధ్యాయుడు వేణీమాధవ దాసు ఆ తలంపును మొదట కదల్చెను. ఆయన బోధించిన పాఠముకంటె ఆయన నడవడి బాలునకు హత్తుకొనెను. ప్రకృతిని చూచుటయు, నీతియే మనుష్యునకు మూలధనమని నమ్ముటయు ఆయన వలన అలవడెను. కాని ఇది చాలలేదు. పదునైదవ యేట ఒక బంధువు ఇంట అనుకొనకుండ వివేకానందుని గ్రంథములు కంటబడెను. తన మోక్షము, లోకహితము అను రెండును ఒక్క దీక్షలోని రెండు భాగములను వివేకానందుని ఉపదేశమున బాలునకు తాను వెదకుచున్న సూత్రము దొరకెను.

సూత్రము దొరకుట వేరు, దానిని బ్రతుకుట వేరు. రామకృష్ణ పరమహంస బోధలు చదివి కామినీకాంచన త్యాగమునకు పూనుకొనెను. చీకటిగదిలో ధ్యానము, గోడపై నల్లని వలయమును రెప్పవేయక చూచుట, ఆకాశమును చూచుట, మండుటెండలో సూర్యుని చూచుట మున్నగు అభ్యాసములన్నియు చేసెను. తల్లిదండ్రులు ఆందోళన పడిరి. వారించిన కొలది బాలుడు ఎదురు తిరిగెను. ఇచ్చట గ్రంథకర్త చూపిన నిజాయితీ మెచ్చదగినది. ఆ అభ్యాసముల వలన సిద్ధులు కలిగినవనడు. అవి నిష్ఫలములనియు తీసివేయడు. ఇంద్రియ నిగ్రహమునకై తాను వెచ్చించిన శక్తి అంతయు అవసరమా అని నలువదవ యేట మరల ప్రశ్నించుకొని, లోకసేవను లక్ష్యముగా పెట్టుకొనిన పిమ్మట ఆ విషయమున తన అభిప్రాయము మారెనని దాచక చెప్పును.

1914 వేసవి ఈ కథకు కీలకము. అంతకు పూర్వము 1913లో ఆయన మెట్రిక్యులేషను పరీక్షలో విశ్వవిద్యాలయమున రెండవవాడుగా నెగ్గి, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను. కటకము నుండి కలకత్తాకు రైలుదారి ఖరగ్‌పూర్ మీదుగనే పోవును. ఆ మరు వేసవిలో ఇంట చెప్పక, అప్పు తెచ్చుకొన్న కొద్ది ధనముతో, మిత్రునితో కలసి గురువును వెదకుచు ఉత్తరదేశమునకు పోయెను. హృషీకేశము, హరిద్వారము, మథుర, బృందావనము, కాశి, గయ తిరిగెను. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన పెద్దలు అనెడివారు. జాడ తెలియక కుమిలిన ఆ తల్లిదండ్రులకు ఆ కొద్ది వారములు అట్లే గడచినవి.

యాత్రలో గురువు దొరకలేదు. దొరకినది వేరు. హరిద్వారమున ఒక భోజనశాలవారు వీరు చేపలు తిను వంగదేశీయులని అన్నము పెట్టుటకు సంకోచించిరి. బుద్ధగయలో ఒక మఠమునకు అతిథులుగా పోగా, కులభేదమును బట్టి వేరు వేరు పంక్తులలో కూర్చుండెదరా యని ప్రశ్న వచ్చెను. మరునాడు స్నానమునకు బావికడకు పోయినప్పుడు, బ్రాహ్మణులు కానివారు నీరు తోడరాదని అడ్డగించిరి. వారిలో బ్రాహ్మణుడైన మిత్రుడొకడు యజ్ఞోపవీతమును బయటకు తీసి, తానే నీరు తోడి తక్కినవారికి అందించెనని సుభాష్ చంద్రుడు పరిహాసముతో చెప్పును. సంఘమునందు కులమును కాదన్న మహనీయుడు జ్ఞానము పొందిన స్థలమున కులము అడిగి నీరు పోయుట యనునది పరిహాసమునకు అతీతమైన విషయము. గ్రంథకర్త దానిపై వ్యాఖ్య పెంచలేదు. అన్నము, నీరు అను రెండు వస్తువులను పేర్కొని ఊరకుండెను.

తల్లికి లేఖ వ్రాసిన బాలునకు పుణ్యభూమి పుస్తకములలో కనబడినది. పదునేడేండ్ల యాత్రికునకు అదే భూమి భోజనశాల గుమ్మమున, బావిగట్టున కనబడెను. తీర్థయాత్రికుడు పథికుడైనది ఇచ్చటనే. సన్న్యాసులలో నిజమైన వైరాగ్యము గలవారిని కొందరిని చూచితినని ఆయన ఒప్పుకొనును. కనుక ఇది మతముపై విసుగు కాదు. గమ్యము గుడిలో లేదని తెలిసినది, అంతే. ఇల్లు చేరినవెంటనే సన్నిపాతజ్వరము పట్టుకొనెను. మంచమున నుండగా ఐరోపాలో మహాయుద్ధము మొదలయ్యెను. సైనికరక్షణను పరాయివారికి విడిచి తక్కిన జీవితమును మాత్రము జాతి తనదిగా ఉంచుకొనగలదా అను ప్రశ్న అప్పుడు తోచినదని వ్రాసెను. ఆత్మను గూర్చిన ప్రశ్న దేశమును గూర్చిన ప్రశ్నగా మారిన ఘట్టమిది. ఆ మార్పు ఒక దివ్యదర్శనమున గాక రోగశయ్యపై వార్తలు విన్నందున వచ్చినదని చెప్పుట ఈ గ్రంథపు స్వభావమునకు తగియున్నది.

అటుపిమ్మట కథలో ప్రతి ఘట్టమును ఒక పరీక్షయే. కలకత్తాలో ఇంటియెదుట కూర్చుండు ముసలి భిక్షుకిని చూచి, మూడంతస్తుల మేడలో తానుండుటకు సిగ్గుపడి, ట్రాముకు ఇచ్చిన డబ్బులు మిగుల్చుటకై కళాశాల నుండి నడచి వచ్చెడివాడు. 1916లో ఓటెన్ అను ఆంగ్లాచార్యునిపై విద్యార్థులు చేయి చేసికొన్నప్పుడు కళాశాల నుండి బహిష్కృతుడయ్యెను. విచారణ సంఘము ఎదుట నిలిచినప్పుడు, ఆ దౌర్జన్యము న్యాయమా యని అడుగగా, న్యాయము కాదు గాని విద్యార్థులు మిక్కిలిగా రెచ్చగొట్టబడిరని చెప్పి, వారిని విడిచి వేరుపడుటకు ఇష్టపడలేదు. చదువు పోయినందులకు దుఃఖము కలుగలేదనియు, తన మనస్సు తనకు లోబడి నిలిచినందుకు సంతోషము కలిగినదనియు వ్రాసెను. ధ్యానముచే రాని ఆత్మవిశ్వాసము ఈ బహిష్కారముచే వచ్చెను. కటకమున ఊరకుండక కలరా రోగులకు పరిచర్య చేసెను. 1917లో స్కాటిష్ చర్చి కళాశాలలో చేరి, 1919లో తత్త్వశాస్త్రమున ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను.

సివిల్ సర్వీసు ఘట్టము ఈ పరీక్షలలో చివరిది. తండ్రి కోరికపై 1919లో ఇంగ్లండు వెళ్ళి, కేంబ్రిడ్జిలో చేరి, 1920లో నాలుగవవాడుగా నెగ్గెను. ఓడినవాడు త్యజించుట త్యాగము కాదు; నెగ్గినందున నిర్ణయము కఠినమయ్యెను. అన్న శరత్ చంద్రునకు ఆ నెలలలో వ్రాసిన లేఖలలో ఈ మథనము స్పష్టముగా కలదు. సుఖజీవనముతో మొదలిడినవాడు పోనుపోను రాజీలకే అలవాటు పడునని ఆయన భయము. 1921 ఏప్రిల్ 22న భారతమంత్రికి రాజీనామా పంపెను. మోక్షము, లోకహితము అని పదునైదవ యేట చదివిన సూత్రమునకు తొమ్మిది సంవత్సరముల పిమ్మట దొరకిన అర్థము ఒక ఉద్యోగపత్రముపై చేయని సంతకము.

చివరి అధ్యాయమున ఆయన తన తత్త్వమును చెప్పును. శంకరుల మాయావాదము బాల్యమున తన్ను లోగొనినదనియు, దానిని జీవితమున ఆచరింపజూచి విఫలుడనైతిననియు ఒప్పుకొనును. మాయావాదమును తర్కముచే ఖండింపలేదు. బ్రతుకుటకు సాధ్యపడలేదు కనుక విడిచెను. పండితులకు ఈ పద్ధతి హేతుదుష్టముగా తోచవచ్చును. కాని తొమ్మిది అధ్యాయములు చదివిన పాఠకునకు ఇది అనుకొనిన సమాధానమే. స్పెన్సరు, హార్ట్‌మన్, బెర్గ్సన్, హెగెలు మున్నగు పాశ్చాత్యుల పరిణామవాదములను వరుసగా చూచి, హెగెలు చెప్పినది సత్యమునకు దగ్గరగా నున్నను అదియు సంపూర్ణము కాదనును. విశ్వమునకు మూలము చైతన్యమనియు, దాని సారము ప్రేమయనియు, అది పరస్పర విరుద్ధశక్తుల ఘర్షణము నడుమ క్రమముగా వికసించుచున్నదనియు ఆయన నిర్ణయము. ఆ నిర్ణయమును కూడ పరమసత్యమని చెప్పడు. మనుష్యుని బుద్ధికి అందినంతలో, జీవితమును నిలుపుటకు చాలినంత సత్యమని చెప్పును.

ఈ తత్త్వమునకు ఎదురయ్యే ప్రశ్నను దాటిపోరాదు. ప్రేమయే విశ్వసారమని 1937లో వ్రాసిన మనుష్యుడు 1941లో దేశము విడిచి, నాజీల జర్మనీ సహాయమును, తరువాత జపాను సహాయమును కోరి, ఆయుధమార్గమున స్వాతంత్ర్యమునకు పూనుకొనెను. ఆ రాజ్యములు తమ అధీనములోని ప్రజలయెడల చూపిన క్రౌర్యము చరిత్రకు తెలిసినది. ప్రేమ, ఘర్షణము అను రెండు మాటలను ఒక్క వాక్యమున కూర్చినవానికి ఈ రెంటి నడుమ హద్దు ఎచ్చట? గ్రంథము 1921లో ఆగుటచే ఇందుకు జవాబు ఇందులో లేదు. రాజకీయ విశ్వాసమును గూర్చిన అధ్యాయము వ్రాయబడియున్నచో ఉండెడిదేమో. చదువరి ఆ ఖాళీని భక్తితోగాని నిందతోగాని నింపరాదు. ఆచరణమున నిలిచినదే సత్యమని గ్రంథకర్త తనకు పెట్టుకొనిన కొలతను ఆయన తరువాతి జీవితమునకును పెట్టుట న్యాయము. తన విశ్వాసములను తానే తూచుకొనినవాడు ఇతరులు తూచుటకు అడ్డు చెప్పజాలడు.

గ్రంథమున వేరు లోపములును కలవు. పది దినములలో వ్రాయుటచే కొన్ని ఘట్టములు సంగ్రహములయ్యెను. వంశచరిత్ర, వంగదేశపు పూర్వస్థితి చెప్పు అధ్యాయములు పాశ్చాత్య పాఠకునకు పరిచయముగా వ్రాసినట్లుండును. నలువదేండ్లవాడు వెనుదిరిగి చూచుచు బాలుని అలజడికి ఒక క్రమమును కల్పించెనా అను శంక కూడ కలుగును. తల్లికి వ్రాసిన లేఖలలోని వేడిమి గ్రంథమున చల్లారినది. అందుచేత రెంటిని పక్కపక్కన ఉంచుకొని చదువుట మేలు: లేఖలలో విశ్వాసము ఎంత బలమైనదో తెలియును, గ్రంథమున ఆ విశ్వాసము ఏ ఏ దెబ్బలకు ఓర్చినదో తెలియును.

తెలుగు పాఠకునకు ఈ గ్రంథమున ప్రత్యేకముగా చూడవలసినది ఒకటి కలదు. మన ఆధ్యాత్మిక వాఙ్మయము అనుభూతిని చెప్పుటలో మిక్కిలి సంపన్నమైనది. అనుభూతి పిమ్మట నడవడి ఎట్లు మారెనో లెక్క చెప్పుటలో అంత సంపన్నము కాదు. గురువు దొరకని యాత్రను, ఫలింపని ధ్యానమును, ఆచరింపలేక విడిచిన సిద్ధాంతమును కూడ ఆత్మజ్ఞానములోని భాగములుగా వ్రాసికొనవచ్చునని సుభాష్ చంద్రుడు చూపెను. బుద్ధగయ బావికడ నీరు తోడరాదన్న మాట విన్న పదునేడేండ్ల బాలునకు అది ఏ ఉపనిషద్వాక్యమునకును తీసిపోని పాఠమయ్యెను. ఆ బావికడ తనకు కలిగిన సందేహమును ఆయన నలువదవ యేటివరకు మరువలేదు.